జలతరంగము – పానపాత్రానాదము

జలతరంగమున నాదము నీటినుండి పుట్టుచున్నదా, పాత్రనుండి పుట్టుచున్నదా యను ప్రశ్నము చిన్నదిగాఁ దోఁచినను వాద్యచరిత్రకు ముఖ్యమైనది. వాత్స్యాయనుఁడు పేర్కొన్న చతుష్షష్టికళలలోని యుదకవాద్యమే జలతరంగమని కొందఱు చెప్పుచుందురు. ఈ యభేదము నిలుచునో లేదో తెలియుటకుఁ బాశ్చాత్యుల గాజుపానపాత్రల చరిత్ర తోడ్పడును.

1638 లో లేడెన్ నగరమునఁ బ్రకటితమైన గ్రంథమందు గెలీలియో యొక ప్రయోగమును వర్ణించెను. పెద్దతొట్టి యడుగున గాజుపాత్రను నిలిపి, దాని యంచు దాఁక నించుమించుగాఁ దొట్టిలో నీరు నింపి, వ్రేలికొనతో నంచును రాచిన నాదము వెలువడును. చుట్టునున్న నీటిపైఁ గ్రమమైన చిఱుతరఁగలు లేచును. నాదము పైస్థాయి కెగసినపుడు ప్రతితరఁగయు రెండుగా విభక్తమగును. స్థాయి హెచ్చుట యనఁగా స్పందనసంఖ్య ద్విగుణమగుట యని యిందువలన స్పష్టమయ్యెను. ఇందుఁ దరఁగ నాదమునకుఁ గారణము గాదు. గాజు కదలికకు సాక్షి మాత్రమే.

ఫిడేలు తంతిపైఁ గమాను వలె వ్రేలు గాజు నంటుచు జాఱుచు నుండుటచేఁ బాత్రయంచు వృత్తాకారమును వీడి, యొకమాఱొకదిశను, మఱుక్షణము దానికి లంబమైన దిశను దీర్ఘవృత్తమగుచుండును. ఈ కదలిక యంచునొద్ద నధికము, అడుగున నత్యల్పము. పాత్రలో నీరు పోసినచో గోడ యా నీటిని గూడఁ గదల్పవలసియుండును గనుక స్పందనసంఖ్య తగ్గి స్వరము మంద్రమగును. అడుగునఁ గొంచెము నీరున్న మార్పు గానరాదు. నీరంచును సమీపించినకొలఁది మార్పు హెచ్చును.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761 లో నింగ్లండునందు, నీటితో శ్రుతిచేసిన పాత్రల వాదనము విని, తన వాద్యమున నా నీటినే తొలఁగించెను. 9 అంగుళములు మొదలు 3 అంగుళముల వఱకు వ్యాసముగల 37 గాజుగిన్నెలను ఒకే యినుపకడ్డీకి గ్రుచ్చి, కాలితోఁ ద్రిప్పుచుఁ దడివ్రేళ్లతో వాయించునట్లు చేసెను. శ్రుతికై గాజునే యఱగఁదీయించెను. ఈ వివరములు 1762 లో నాతఁడు బెక్కారియాకు వ్రాసిన లేఖయందున్నవి. ఈ వాద్యమునకై 1791 లో మొజార్టు సంగీతరచన చేసెను. పాత్రలో నీరు లేకయే స్వరములు పలుకుట కింతకంటెఁ బ్రమాణ మక్కఱలేదు.

పింగాణిగిన్నెలను బుల్లలతోఁ గొట్టు జలతరంగమునకును నీ న్యాయమే చెల్లును. అందుఁ బలుకునది గిన్నె. నీరు శ్రుతిని దిద్దునది. ఉదకవాద్యమన్ననో, జయమంగళవ్యాఖ్య ననుసరించి, నీటిని మురజమువలె వాయించుట. అందు నీరే వాద్యము. కావున నీ రెండింటికి నభేదము చెప్పుట పొసఁగదు. భరతుని చతుర్విధవిభాగమున జలతరంగమును ఘనవాద్యములలోఁ జేర్చుటయే యుక్తము.