కిస్తు, బకాయి, ఎగవేత: పన్ను వసూలు చట్టాలలో అశక్తతకు దక్కిన స్థానం

పన్నుల చరిత్రను రాబడి అంకెల ఆధారంగా రాయడం పరిపాటి. గడువు దాటిన నాడు ప్రభుత్వం బాకీదారుని ఏ దృష్టితో చూసిందని ప్రశ్నించినప్పుడు ఆ చరిత్ర మరో రూపంలో కనిపిస్తుంది. ఈ వ్యవహారానికి తెలుగులో రెండు మాటలున్నాయి. ‘బకాయి’ అరబ్బీ మూలం గల పదం; చెల్లించవలసినది మిగిలి ఉన్నదని మాత్రమే అది చెబుతుంది. ‘ఎగవేత’ అచ్చతెలుగు మాట. అందులో మోసబుద్ధి ధ్వనిస్తుంది. చెల్లించలేనివానిని, చెల్లించనివానిని చట్టం ఎంతవరకు వేరుచేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మద్రాసు రాజధానిలో 1802 నాటి 25వ రెగ్యులేషను జమీందారుల పేష్కషును శాశ్వతంగా నిర్ణయించింది. అనావృష్టి వచ్చినా, వరద వచ్చినా ఆ మొత్తం తగ్గదు. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు పీడించింది. లక్షకు పైగా జనం మరణించిన ఆ కరువు తరువాత అక్కడి జమీందారీలు బకాయిల నుండి కోలుకోలేదు. 1840లలో అవి ప్రభుత్వాధీనమయ్యాయి. జమీందారుల దుబారా, ఉద్యోగుల అవినీతి ఈ పతనానికి తోడ్పడిన మాట నిజమే. అయితే పంట లేని ఏడు కూడా పేష్కషు గడువు మారకపోవడం మూలకారణాలలో ఒకటి.

రైతువారీ ప్రాంతాలలో ఒత్తిడి నేరుగా సేద్యగానిపై పడింది. ‘ఫసలీ’ అనే లెక్కల సంవత్సరం పేరు పంట నుండి పుట్టినదే. కిస్తు మాత్రం రొక్కంగా, నిర్ణీత దినానికి చేరవలసినది. అందువల్ల రైతు కోతలు కాగానే తక్కువ ధరకు ధాన్యం అమ్ముకోవాలి, లేదా సాహుకారును ఆశ్రయించాలి. రెండూ సాధ్యం కానప్పుడు ఏమి జరిగేదో 1855 నాటి నివేదిక తెలుపుతుంది. బ్రిటిషు పార్లమెంటులో చర్చ జరిగిన పిదప 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా హింసల విచారణ సంఘం ఏర్పడింది. బాకీదారులను ఎండలో నిలబెట్టడం, వంచి కట్టివేయడం, వేళ్లను కర్రల నడుమ నొక్కడం వసూలులో వాడుకగా ఉన్నవని సంఘం నిర్ధారించింది. నింద దేశీయ ఉద్యోగులపైనే మోపి, ఐరోపా అధికారులను మినహాయించింది. ఆ ఉద్యోగులను తరిమిన కిస్తు గడువు ఈ తీర్పులో వెనుకబడిపోయింది.

1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం ఈ వ్యవహారాన్ని లిఖిత నియమాలలోకి తెచ్చింది. నిర్ణీత దినానికి చెల్లని కిస్తు బకాయి అవుతుంది; దానిపై ఏడాదికి 6 శాతం వడ్డీ పడుతుంది. చరాస్తి, స్థిరాస్తి జప్తు, వేలం అనుమతించబడ్డాయి. ఆస్తి అమ్మకంతో బాకీ తీరకపోతే, బాకీదారు బుద్ధిపూర్వకంగా చెల్లింపు ఆపుతున్నాడనో మోసానికి పాల్పడ్డాడనో కలెక్టరు విశ్వసించినప్పుడు మాత్రమే జైలు విధించవచ్చు. ఆ నిర్బంధం 2 సంవత్సరాలు మించరాదు. 500 రూపాయలు దాటని బాకీకి 6 నెలలు, 50 రూపాయలు దాటనిదానికి 3 నెలలు పరిమితి. ఇక్కడ అశక్తునికీ ఎగవేతదారునికీ నడుమ చట్టం ఒక గీత గీసింది. అయితే ఆ విశ్వాసానికి వచ్చే అధికారం బాకీ వసూలు చేసే కలెక్టరుదే.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం వేరొక వర్గానికి వర్తించింది. వ్యవసాయాదాయం దాని పరిధిలో లేదు. అయినా రెండవ షెడ్యూలులోని క్రమం పరిచితమైనదే: చరాస్తి జప్తు, స్థిరాస్తి జప్తు, అరెస్టు, నిర్బంధం. ఆస్తిని మోసంతో తరలించినవానిని, స్తోమత ఉండి చెల్లించనివానిని మాత్రమే అరెస్టు చేయాలన్న నియమం 1864 నాటి గీతకు కొనసాగింపుగా నిలిచింది. కొత్తదనం 220వ సెక్షనులో ఉండేది. డిమాండు నోటీసు అందిన 30 రోజులలో పన్ను కట్టవలసి వచ్చేది. ఆలస్యానికి నెలకు 1 శాతం వడ్డీ పడేది. ఆ గడువు ముగియకముందే దరఖాస్తు చేసుకుంటే, గడువు పొడిగించే, వాయిదాలు అనుమతించే అధికారం అధికారికి ఉండేది.

‘కిస్తు’ అనే మాటకు మూలమైన అరబ్బీ పదానికి వంతు, న్యాయం అనే అర్థాలున్నాయి. పంటతో పొంతన లేని వసూలులో ఆ రెండవ అర్థం మరుగున పడింది. అశక్తుడు తన స్థితిని గడువుకు ముందే చెప్పుకొని వాయిదా కోరగలిగినప్పుడు అది కొంతమేరకు తిరిగి వచ్చింది. అతని మాట వినే ఏర్పాటు లేనిచోట ప్రతి బకాయీ ఎగవేతగానే లెక్కకు వస్తుంది.