దూలగొండి గింజ – కంపవాతము



నాకు బాల్యమున అమరకోశము చెప్పిన గురువుగారికి, 1975 ప్రాంతమున, కుడిచేయి వణకసాగెను. ఒడిలో ఊరక యుంచినపుడే వణకు హెచ్చు. పుస్తక మందుకొన్న తగ్గెడిది. అడుగు కురుచయయ్యెను. దస్తూరి నానాటికి చీమలబారువలె సన్నగిల్లెను. కాగితముపై లోభమని పిల్లలము నవ్వుకొంటిమి. వార్ధకమని పెద్దలు ఊరకుండిరి. అది కంపవాతమని యెవరికిని తోచలేదు.

ఈ వ్యాధిని 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సను ఒక చిన్న గ్రంథమున వర్ణించెను. పాశ్చాత్యులు దీనికి ఆతని పేరే యిడిరి. చిరకాలము ఉమ్మెత్త కులపు మొక్కల సారములును, పిమ్మట వానిని బోలిన కృత్రిమౌషధములును వాడిరి. అవి వణకును కొంత తగ్గించునుగాని, నోరెండజేయును; వృద్ధుల మతిని కలతపెట్టును.

అసలు మందు మన కంచెలపైననే ప్రాకుచుండెను. దూలగొండికి సంస్కృతమున కపికచ్ఛువని పేరు. కచ్ఛువనగా దురద. దీని గింజ వాతశమనమని ఆయుర్వేదము చెప్పుచున్నది. 1937లో చెన్నపురి విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు ఈ గింజలనుండి డోపా యను ద్రవ్యమును వేరుచేసిరి. నాడు మన కోస్తా జిల్లాలును చెన్నరాజధానిలోనివే. అయినను ఆ ద్రవ్యము ఈ వ్యాధికి మందగునని అప్పటి కెవరికిని తెలియదు.

1960లో వియన్నా నగరమున ఎహ్రింగర్, హోర్నికీవిచ్ అనువారు, ఈ రోగుల మెదడున డోపమీను అను ద్రవ్యము మిక్కిలి తగ్గియుండుట కనుగొనిరి. డోపమీను నెత్తురునుండి మెదడును చొరలేదు; డోపా చొచ్చి, అచ్చట డోపమీనుగా మారును. 1961లో బిర్క్‌మయరును హోర్నికీవిచ్చును దానిని సూదిమందుగా నిచ్చి చూడగా, మంచముపట్టిన రోగులు లేచి నడచిరి. 1967లో అమెరికాయందు కోట్జియాస్ నోటిమందుగా, మోతాదు మెల్లమెల్లగా పెంచుచు, దాని మేలును స్థిరపరచెను. 1970లో ఆ దేశప్రభుత్వము దాని నామోదించెను.

కావున మా గురువుగారి చేయి వణకునాటికే లోకమున మందు కలదు. లేనిది మా యెరుకయే.

1998లో సైబర్ టవర్సు వెలసిన హైటెక్ సిటీకి చేరువనే, గచ్చిబౌలియందు కార్యాలయముగల దివీస్ లేబొరేటరీస్ సంస్థ, తన కర్మాగారములలో లెవోడోపా యను నీ మందునే నేడు సిద్ధపరచుచున్నది.

ఇది రోగమును నిర్మూలింపదు. నడకను, మాటను చాలకాలము నిలుపును. గింజను దంచి స్వయముగా మ్రింగుట మాత్రము కూడదు. మోతాదు తప్పిన ననర్థము. మీ యింట వృద్ధుని చేయి వణకి, వ్రాత సన్నగిల్లినచో, వార్ధకమని విడువక నరముల వైద్యునికి చూపుడు. మేము చూపనైతిమి.