ఛార్జి అప్పగించామా?

పదవీ విరమణ రోజున మనమందరం చేసిన చివరి పని ఛార్జి అప్పగించడం. ఫైళ్ల జాబితా, బీరువా తాళాలు, ఇద్దరి సంతకాలు. మనిషి మారినా పని ఆగకూడదని ఆ ఏర్పాటు.

చదువుకునే రోజుల్లో మాకు ఆ సంగతి తెలియదు. హాస్టలు మిత్రులం కొందరం కలిసి పక్క పేటలో రాత్రిబడి నడిపాము. చివరి పరీక్షలు కాగానే ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయాము. పలకలు, హాజరుపట్టీ ఎవరికీ అప్పగించలేదు. బడి మూతపడింది. తప్పు మాదే.

విద్యార్థి సంఘాలకు ఇది సహజమైన జబ్బు. దీనికి మందు కనిపెట్టిన సంస్థ జాతీయ సేవా పథకం, అంటే మనమెరిగిన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలన్న సూచన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ నాడే వచ్చింది. అది కార్యరూపం దాల్చడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు గారు 37 విశ్వవిద్యాలయాలలో ఈ పథకాన్ని ప్రారంభించారు. తొలుత చేరినవారు సుమారు 40 వేల మంది.

ఇందులో ఒక్కొక్క విద్యార్థి ఉండేది రెండేళ్లే. ఆ రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. అందువల్ల పాతవారు వెళ్లేలోగా కొత్తవారు వారి పక్కనే పని నేర్చుకుంటారు. ప్రతి యూనిట్‌కూ ఒక అధ్యాపకుడు ప్రోగ్రాం ఆఫీసరు. ఆయన కూడా కొన్నేళ్లకు మారతారు. మారనివి రెండు: దత్తత తీసుకున్న గ్రామం, చేసిన పని రాసి ఉంచే రిజిస్టరు. నిరుడు మొక్కలు ఎక్కడ నాటారో, ఏ వీధిలో కాలువ సగంలో ఆగిందో ఆ పుస్తకమే కొత్తవారికి చెబుతుంది. రిజిస్టరు శ్రద్ధగా రాయని చోట పథకం పేరుకే మిగులుతుంది.

సోదర సభ్యులకు నాదొక మనవి. మీ మనుమడో మనుమరాలో ఏదైనా విద్యార్థి బృందంలో పనిచేస్తూ ఉంటే మెచ్చుకోండి. చివరి సంవత్సరం ముగియకముందే ఒక్క మాట కూడా అడగండి: "ఛార్జి ఎవరికి అప్పగిస్తున్నావు?"