బంజారాహిల్స్ మీద నవాబు గారి ఇల్లు, కొండకి మిగిలిన మన పేరు

నల్లజర్ల నుంచి, అటు బుట్టాయగూడెం, పోలవరం వైపు నుంచి కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళే మన పిల్లలందరికీ బంజారాహిల్స్ పేరు తెలుసు. బంజారాలంటే లంబాడీలే, సుగాలీలని కూడా అంటారు. మన గ్రూపులోనూ ఉన్నారు. మరి ఆ కొండ మీద ఇప్పుడు బంజారాలేరి? అది తెలియాలంటే ఒక ఇంటి కథ చెప్పుకోవాలి.

వందేళ్ళ కిందట అది ఊరికి బయట ఉన్న రాళ్ళ గుట్ట. రాళ్ళంటే మామూలు రాళ్ళు కావు, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అక్కడ బంజారాలు ఉండేవాళ్ళు. వాళ్ళ పూర్వీకులు ఎడ్ల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. మొగల్ సైన్యాలు దక్కనుకి వచ్చినప్పుడు తిండిగింజలు మోసింది ఈ ఎడ్లే. 1874లో సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. రైళ్ళూ, రోడ్లూ పెరిగేకొద్దీ ఎడ్ల బేరం పడిపోయింది. తిరిగే జనం తండాలు కట్టుకుని ఒకచోట ఆగాల్సి వచ్చింది.

1930 ప్రాంతంలో నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్ట మీద ఇల్లు కట్టుకున్నారు. మామూలుగా అయితే బండలు పగలగొట్టి, నేల చదును చేసి కడతారు కదా. ఆయన బండలని అలాగే ఉంచి, వాటినే ఇంట్లో కలుపుకుని కట్టించారు. ఈ పని మాత్రం మెచ్చుకోవాల్సిందే. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన అతిథిగా ఆ కొండ మీద ఉండి, దాని మీద ఒక కవిత కూడా రాశారు. నవాబు గారు తర్వాత 1960లో గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారు. హైదరాబాద్‌లో పేదలు వెళ్ళే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరు కూడా ఆయనదే.

ఆయన దారిలోనే మిగతా పెద్దలూ కొండెక్కారు. ఆ ఇంటి కథ చెప్పేవాళ్ళు నవాబు పేరు చెబుతారు, కవి పేరు చెబుతారు. తండా నాయక్ పేరు అడిగితే ఎవరూ చెప్పరు. రాళ్ళు పోతున్నాయని బాధపడ్డవాళ్ళు 1996లో వాటిని కాపాడటానికి ఒక సంఘం పెట్టుకున్నారు, మంచిదే. తండా పోయిందని మాత్రం అప్పట్లో ఎవరూ సంఘం పెట్టినట్టు వినలేదు మనం.

ఇక్కడ మన ఏజెన్సీ సంగతి గుర్తు చేసుకోవాలి. మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదని 1917లోనే చట్టం ఉంది. 1959 రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ, అంటే మనం 1/70 అనేది, అదే దారిలో వచ్చినవి. అంత చట్టం ఉండి కూడా బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కోయవాళ్ళు 1990లలో భూమి కోసం ఎంత కొట్లాడారో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. హైదరాబాద్ పక్క గుట్టకి ఆ చట్టం కూడా లేదు, అది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పైగా తెలంగాణ లంబాడీలకి ఎస్టీ గుర్తింపు వచ్చిందే 1976 చట్టంతో. అప్పటికి ఆ కొండ మీద ఇళ్ళూ, రోడ్లూ వచ్చేశాయి. గుర్తింపు వచ్చేసరికి నేల చేతిలో లేదన్నమాట.

2022 సెప్టెంబరు 17న అదే బంజారాహిల్స్‌లో, రోడ్ నంబర్ 10లో, సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. హైదరాబాద్‌లో చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక ఆదివారం వెళ్ళి చూసి రండి. తండాల్లో ముసలివాళ్ళకి ఆ గుట్ట మీద బతికిన తమ వాళ్ళ పేర్లు గుర్తుంటే, ఒక్క పేరైనా సరే, అడిగి రాసుకుని గ్రూపులో పెట్టండి.