వేలికి రాని పాఠం

మా మేనత్తకి జ్ఞాపకశక్తి తక్కువంటే నేనొప్పుకోను. మా అమ్మ పెళ్ళిలో వడ్డించిన కూరలు ఇప్పటికీ వరసగా చెబుతుంది. అలాంటి మనిషి, కొత్త ఫోనులో మనవణ్ణి పిలవడం నెల్లాళ్ళు నేర్పినా పట్టుకోలేకపోయింది. ఏది నొక్కాలో అడిగితే తడుముకోకుండా చెప్పేది. వేలికి మాత్రం రోజూ మొదటి రోజే! "నీకు శ్రద్ధ లేదత్తయ్యా" అనేశాను. ఆవిడకి పార్కిన్సన్ వ్యాధి అని తెలిసీ అన్నాను. వణుకుకీ నేర్చుకోడానికీ సంబంధమేమిటనుకున్నాను.

అలా అనుకున్న పెద్దలూ ఉన్నారు లెండి. 1817లో ఈ జబ్బు మీద పుస్తకం రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సనే, బుద్ధికి లోపం రాదన్నాడు. పాపం, ఆయన వర్ణించింది ఆరుగురినే. అందులో ముగ్గురు వీధిలో కనబడినవాళ్ళు!

జ్ఞాపకం ఒకటి కాదని తెలియడానికి హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ కావలసొచ్చాడు. 1953లో మూర్ఛలు తగ్గించడానికి మెదడుకి ఆపరేషన్ చేస్తే, మూర్ఛలు తగ్గాయి గానీ కొత్త సంగతి గుర్తుంచుకునే శక్తి పోయింది. బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. అంతకుముందు గీసిన సంగతి మాత్రం అతనికి గుర్తే లేదు. ఆ వివరం 1962లో అచ్చయింది.

మా అత్తయ్యది సరిగ్గా తిరగేసిన కథ. 1996లో నోల్టన్, మాంగెల్స్, స్క్వైర్ అనే ముగ్గురు ఒక చీట్ల ఆట ఆడించారు. చీట్ల మీది బొమ్మలు చూసి వానా, ఎండా ఊహించాలి. సూత్రం ఎవరూ చెప్పరు; ఆడగా ఆడగా అలవాటు కావాలి. మతిమరుపు రోగులకి ఆట వచ్చింది, ఆడినట్టు గుర్తులేదు. పార్కిన్సన్ రోగులకి ఆట వివరాలన్నీ గుర్తున్నాయి, యాభైసార్లు ఆడినా ఆట పట్టుబడలేదు. అలవాట్లు పడేది మెదడు లోతున స్ట్రయేటం అనే చోట. ఈ జబ్బులో డోపమైన్ కరువయ్యేదీ అక్కడే అని 1960లోనే వియన్నాలో తేల్చారు. అసలు నేర్చుకోలేరని కాదు, ఆలస్యమవుతుంది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి, "అత్తయ్యా, వేలిని నమ్మకు. పైకి చదువుకుంటూ నొక్కు" అన్నాను. పాఠం అప్పజెప్పడం ఆవిడకి కొత్తా? "పచ్చ బొమ్మ... పిల్లాడి మొహం..." అంటూ మొదలుపెట్టింది.

మొన్న మనవడు పలికాడు. "మామ్మా, ఏంటి గొణుగుతున్నావ్?" అని.