కృతజ్ఞత అనే నిత్యకర్మ: ఉదయగిరి విజయం నుండి తాళ్ళపాక దానం వరకు

ఫాల్గుణ మాసం ముగియవచ్చే వేళకు గడచిన సంవత్సరం మన చేతికి తన లెక్క అప్పగిస్తుంది. ఏమి లభించింది, ఏమి చేజారింది అని గృహస్థుడు విచారించుకొనే కాలమిది. మన పూర్వులు ఈ విచారణకు మరొక ప్రశ్నను జోడించారు: లభించినది ఎవరి వలన లభించింది?

'కృతజ్ఞుడు' అనే పదంలోనే దీనికి మార్గమున్నది. కృతం అనగా చేయబడినది. దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. అందుచేత కృతజ్ఞత మొదట జ్ఞానం, ఆ తరువాతనే భావం. సద్గుణసంపన్నుడైన పురుషుడు లోకంలో ఎవడున్నాడని వాల్మీకి నారదుని ప్రశ్నించినపుడు, ధర్మజ్ఞత వెంటనే కృతజ్ఞతను పేర్కొన్నాడు. ఈ గుణం ఒకనాటి ఉద్వేగంగా ఉన్నపుడు ఏమవుతుంది, నిత్యకర్మగా మారినపుడు ఏమవుతుంది అనే భేదాన్ని మన ప్రాంత చరిత్రలోని ఒక ఘట్టం స్పష్టంగా చూపుతుంది.

అస్తమయ దిక్కున ఉదయగిరి

కలిగిరి వాసులకు సూర్యుడు అస్తమించేది ఉదయగిరి దిక్కున. వింజమూరు, దుత్తలూరు ప్రాంతాలు దాటి పడమటికి వెళ్ళిన కొలది ఆ పర్వతపంక్తి దగ్గరవుతుంది. మూడు వేల అడుగులకు పైబడిన ఆ కొండపై గజపతుల దుర్గం ఉండేది. దానిని జయించడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించవలసి వచ్చింది. పోర్చుగీసు రచయిత నూనిజ్ చెప్పిన ప్రకారం ఆ కోట ఆకలికి తప్ప అన్యథా లొంగేది కాదు. సైన్యానికి దారి కల్పించడానికి రాయలు పెద్ద పెద్ద బండలను పగులగొట్టించాడు. తుదకు 1514వ సంవత్సరం వేసవిలో దుర్గం స్వాధీనమైంది. గజపతి బంధువైన తిరుమల రౌతరాయడు బందీ అయినాడు.

రాయలు రాజధానికి మరలుతూ మార్గమధ్యంలో తిరుమలకు వెళ్ళాడు. 1514 జూలై 6వ తేదీన, భావ నామ సంవత్సరంలో, శ్రీవేంకటేశ్వరునికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకం చేశాడు. మూడు పేటల రత్నహారం సమర్పించాడు. ఇంతవరకు చేసినది విజేత అయిన ఏ చక్రవర్తి అయినా చేయదగినదే. ఆ సమర్పణలో మరొక అంశం ఉన్నది: స్వామివారి నిత్యారాధన నిమిత్తం తాళ్ళపాక గ్రామాన్ని ఇచ్చాడు. దేవేరులు చిన్నాదేవి, తిరుమలదేవి సైతం చెరియొక గ్రామం సమర్పించారు.

ఈ రెండు సమర్పణల స్వభావం వేరు. కనకాభిషేకం ఒక ముహూర్తంలో ముగిసింది. ఆ దృశ్యం చూచినవారు ధన్యులైనారు. గ్రామదానం మాత్రం మరునాటి ఉషఃకాలం నుండి పని ప్రారంభించింది. పొలం పండాలి, ఆదాయం ఆలయానికి చేరాలి, నైవేద్యం సిద్ధం కావాలి. మరునాడు మరల అదే. రాజు యుద్ధంలో ఉన్నా, నిద్రలో ఉన్నా, అతని కృతజ్ఞత స్వామి సన్నిధిలో నిలిచి ఉంటుంది. ఇట్టి దానములను పూర్వులు ఆచంద్రార్కమని శాసనాలలో వ్రాయించడంలోని ఆంతర్యమిదే. దానం చేయడం కంటె ఇతరులు చేసిన దానాన్ని పాలించడం గొప్పదని ధర్మశాస్త్రకారులు బోధించడంలోని రహస్యమూ ఇదే: నిత్యకృతజ్ఞత ఒక్కరి వలన నడిచేది కాదు, తరువాతివారు దానిని అందుకోవాలి.

జయం వెనుక ఉన్న ఋణం

ఈ కథను ఉదయగిరి వైపు నుండి చూచేవారికి ఒక ప్రశ్న కలుగక మానదు. అదే విజయంలో రాయలు ఉదయగిరి నుండి శ్రీబాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో అక్కడ నూతనాలయంలో ప్రతిష్ఠించాడు. రాయల దృష్టిలో అది భక్తి; మన సీమ దృష్టిలో అది వియోగం. ఒకరు కృతజ్ఞతతో కన్నులు మూసుకొన్న క్షణంలో మరొకరి ఆరాధ్యదైవం ఊరు విడిచాడు.

విజేతను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. కృతజ్ఞత జ్ఞానమైతే, ఆ జ్ఞానం సంపూర్ణం కావాలి. మనకు లభించిన ఫలం ఎవరి శ్రమ వలన, ఎవరి నష్టం వలన లభించిందో కూడా అందులో చేరాలి. బండలు పగులగొట్టినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. కోటలో ఆకలికి ఓర్చినవారి పేర్లూ లేవు. సంవత్సరాంతంలో మన లాభాలను లెక్కించుకొనేటపుడు ఇట్టి నామరహితులను స్మరింపకపోతే, అది సంతోషమే అవుతుంది గాని కృతజ్ఞత కాజాలదు.

కాలం ఆ విగ్రహాన్ని సైతం విడువలేదు. 1565 తరువాత విజయనగరం శిథిలమైంది. హంపి కృష్ణాలయంలో నేడు నిత్యపూజ లేదు. ఉదయగిరి బాలకృష్ణుడు చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉన్నాడు. తిరుమలలో మాత్రం దేవేరులతో కూడిన రాయల లోహప్రతిమ నేటికీ అంజలి ఘటించి నిలిచి ఉన్నది. నిత్యసేవ సాగిన చోట స్మృతి జీవించింది. అది ఆగిన చోట శిల్పం మాత్రమే మిగిలింది.

దినమునకొక్క సంకీర్తనం

తాళ్ళపాక అన్నమాచార్యుల జన్మస్థలం. ఆయన పదహారవ ఏట, 1424లో, స్వామి సాక్షాత్కారం పొందినది మొదలు 1503 వరకు సంకీర్తనలు రచించాడని తాళ్ళపాకవారి రాగిరేకు తెలుపుతుంది. సంప్రదాయం చెప్పే సంఖ్య 32,000. డెబ్బది ఎనిమిది సంవత్సరములకు దినములు సుమారు 28,500. అనగా సగటున దినమునకు ఒకటి, కొన్ని దినములలో రెండు. మహత్తరమని మనం భావించే ఆ రాశి దినమునకు ఒక చిన్న అర్పణతో ఏర్పడినదే.

రాగిరేకు పేర్కొన్న ఆయన అంతిమ తిథి దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి. ఉగాదికి కొద్ది దినములే మిగిలిన తిథి అది. ఒక సంవత్సరం ముగింపులో, దినదినం సాగిన ఆ సేవ కూడా ముగిసింది.

అల్పమైనా ఆగరాదు

మనకు గ్రామాలు లేవు, కనకరాశులు లేవు. శ్రుతి దానిని ముందే ఊహించింది. మనుష్యుడు ఋణములతోనే జన్మిస్తాడని వేదం చెప్పగా, ఆ ఋణవిముక్తికి నిత్యం చేయదగిన పంచమహాయజ్ఞములను తైత్తిరీయారణ్యకం విధించింది. ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞమే, నీరు మాత్రమే విడిచినా పితృయజ్ఞమే అని అందులోని ఉదారభావం. పరిమాణానికి కనిష్ఠ హద్దు దాదాపు లేదు. ప్రతిదినం అనే నియమం మాత్రం సడలలేదు.

మెట్టసీమవారికి ఈ బోధ సులభంగా అర్థమవుతుంది. అన్నం వర్షం వలన, వర్షం యజ్ఞం వలన అని గీత మూడవ అధ్యాయం చెప్పే చక్రాన్ని, వాన కొరకు ఆకాశం వైపు చూచి చెరువు నిండితే పండించుకొనే రైతు అనుభవంతోనే ఎరుగును. పూర్వం ఎవరో త్రవ్విన చెరువు, ఎవరో వేసిన కట్ట, ఎవరో నాటిన చింతచెట్టు మన దైనందిన జీవితాన్ని మోస్తున్నాయి.

కావున ఈ సంవత్సరాంతంలో ఒక్క నియమం స్వీకరించవచ్చు. సాయంసంధ్యలో దీపం వెలిగించిన తరువాత, ఆ దినం మనం అనుభవించిన ఒక్క ఉపకారాన్ని, దానిని చేసినవారిని స్మరించాలి. పేరు తెలియకపోతే వారి పనిని స్మరించాలి. మరునాడు దానికి ప్రతిగా ఏదైనా ఒకటి, పశువుకు గుక్కెడు నీరైనా సరే, చేయాలి. ఉగాదినాడు పంచాంగశ్రవణంలో రానున్న ఆదాయవ్యయములు వింటాము. అంతకు ముందే గడచిన సంవత్సరపు ఋణములను ఎరిగి ఉండడం ధర్మం.