సింగరేణి సీమలో మతిమరుపు వ్యాధి: ఆసరా కోసం అన్వేషణ

తెల్లవారుజామున నాలుగు గంటలకు డెబ్బై అయిదేళ్ళ పెద్దమనిషి లేచి, సద్దిడబ్బా ఎక్కడ పెట్టావని భార్యను అడుగుతాడు. మొదటి షిఫ్టుకు వేళయిందని, మస్టరు పోతుందని తొందరపడతాడు. ఆయన బాయి దిగడం మానేసి పదిహేనేళ్ళు దాటింది. ఆమె ఆ మాట చెప్పబోతే కోపగిస్తాడు. సెంటినరీ కాలనీ పరిసరాలలోనూ గోదావరిఖనిలోనూ ఇటువంటి ఉదయాలను ఎరిగిన కుటుంబాలు తక్కువేమీ కావు. ఇరుగుపొరుగువారు దీనిని ముసలితనపు చాదస్తం అంటారు. ఎవరి వద్దకు వెళ్ళాలో, ఏమి అడగాలో ఇంటివారికి తెలియదు.

ఈ నిస్సహాయతకు మూలాలు రెండు చరిత్రలలో ఉన్నాయి. ఒకటి ఈ ఊరిది, రెండవది ఈ వ్యాధిది.

ఊరి చరిత్ర

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం ఆరంభమైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గనులు క్రమంగా విస్తరించి 1960ల తొలినాళ్ళలో గోదావరిఖనికి చేరాయి. నూరేళ్ళ తవ్వకానికి గుర్తుగా పేరు పెట్టుకున్న సెంటినరీ కాలనీ ఆ విస్తరణలో తరువాతి మజిలీ.

గని కాలనీ అంటే పనిచేసే వయసువారి ఊరు. ఉద్యోగంతో క్వార్టరు వస్తుంది, పదవీ విరమణతో దానిని ఖాళీ చేయవలసి ఉంటుంది. గని ఆసుపత్రులు కూడా ఆ వయసువారి అవసరాల చుట్టూనే పెరిగాయి. పైకప్పు కూలి విరిగిన ఎముకలు, ధూళి పట్టిన ఊపిరితిత్తులు, కార్మిక కుటుంబాలలోని కాన్పులు వాటి ప్రధాన బాధ్యతలయ్యాయి. వార్ధక్యం మాత్రం కాలనీ గేటు దాటి, సొంత ఊరికో పిల్లల ఇంటికో వెళ్ళిపోయేది.

మతిమరుపు వ్యాధి గలవారికి ఈ ఇల్లు మారడమే పెద్ద దెబ్బ. అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా ముందుగా కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగాన్ని దెబ్బతీస్తుంది. పాత జ్ఞాపకాలు చాలాకాలం మిగులుతాయి. అందుచేత ముప్పై ఏళ్ళు నడిచిన బాయి దారి గుర్తుంటుంది గాని, నిరుడు చేరిన ఇంటిలో స్నానాలగది తలుపు గుర్తుండదు.

1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. ఆనాడు నలభై ఏళ్ళున్నవారు నేడు డెబ్బై అయిదుకు చేరువలో ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ ఈ వ్యాధి ముప్పు వేగంగా పెరుగుతుంది. కనుక ఈ ప్రాంతానికి ఇది రేపటి సమస్య కాదు, ఈ దశాబ్దపు సమస్య.

వ్యాధి చరిత్ర

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అగస్తె డేటర్ అనే యాభై ఒక్క ఏళ్ళ స్త్రీని అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు పరీక్షించాడు. ఆమె తన పేరును కూడా సరిగా వ్రాయలేకపోయింది. 1906లో ఆమె మరణించాక అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అసహజమైన మచ్చలను, నాడీకణాలలో చిక్కుపడిన పోగులను వర్ణించాడు. 1910లో క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

అయితే ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే పరిగణింపబడింది. వృద్ధుల మతిమరుపును రక్తనాళాలు గట్టిపడటానికో వయోభారానికో అంటగట్టేవారు. రెండూ చాలావరకు ఒకే వ్యాధి అని, అది మరణానికి ప్రధాన కారణాలలో ఒకటని 1976లో అమెరికా నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వాదించాడు. మా తరం వైద్యవిద్య ఆ కాలపుది. "వయసు మీద పడింది, ఏమీ చేయలేము" అని నేనూ అనేక కుటుంబాలను తిప్పి పంపాను. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం వ్రాయడానికి అదీ ఒక కారణం.

మన దేశంలో ఆసరా ఎలా మొదలైంది

కేరళలోని కున్నంకుళంలో జేకబ్ రాయ్ కురియకోస్ అనే పిల్లల వైద్యుడి తండ్రికి ఈ వ్యాధి వచ్చింది. వైద్యుడై ఉండి కూడా ఆయనకు తోడ్పాటు దొరకలేదు. 1992లో అక్కడే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దేశంలో ఈ రోగుల కుటుంబాలకు తొలి వేదిక అది. దానికి నేడు హైదరాబాదులోనూ శాఖ ఉంది.

హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించింది. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉండటం విశేషం. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన గని బస్తీలకు ఇది ఆసక్తికరమైన విషయమే. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని అంచనా వేసింది.

సెంటినరీ కాలనీ నుంచి దారి

మొదటి మెట్టు పరీక్ష. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మానసిక కుంగుబాటు, మద్యం, కొన్ని నిద్రమాత్రలు, తలకు దెబ్బ తగిలాక మెదడుపై చేరిన నెత్తురు కూడా మతిమరుపును కలిగిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. యంత్రాల హోరులో పనిచేసినవారికి చెవుడు సాధారణం. వినపడనివాడు అర్థం కానివాడిగా కనిపిస్తాడు కనుక వినికిడినీ చూపించాలి. రోగి బడికి వెళ్ళనివాడైతే ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి. చదవడం, వ్రాయడంపై ఆధారపడిన జ్ఞాపక పరీక్షలు అటువంటివారిని తక్కువగా అంచనా వేస్తాయి.

ఈ రక్తపరీక్షలకు దూరం వెళ్ళనక్కరలేదు. రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. నిర్ధారణకు అవసరమైతే ఒకసారి హైదరాబాదులో నాడీవైద్య నిపుణునికి చూపించి, ఆ కాగితాలతో తరువాతి వైద్యం దగ్గరలోనే కొనసాగించవచ్చు. మందులు వ్యాధిని నయం చేయవు, కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి. మానసిక సమస్యలకు టెలి మానస్ 14416, వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

రెండవ మెట్టు కాగితాలు. రోగి సంతకం చేయగల దశలోనే బ్యాంకు ఖాతా, నామినీ, వీలునామా, పింఛను పత్రాలను సరిచూసుకోవాలి. సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ మీద పూర్తిగా ఆధారపడవద్దు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, వ్రాసి ఇచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే అది చెల్లదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద, వైద్య నిర్ణయాలలో తన తరఫున ఎవరుండాలో రోగి ముందే వ్రాతపూర్వకంగా తెలపవచ్చు.

మూడవ మెట్టు సంరక్షకురాలు. చాలా ఇళ్ళలో ఆమె భార్యో కోడలో అయి ఉంటుంది. ఆమెకు నిద్ర లేదు, సెలవు లేదు. వారానికి ఒక పూట ఆమెను బయటికి పంపి మరొకరు ఆ పెద్దమనిషి దగ్గర కూర్చోవడం ఏ మాత్రకంటే తక్కువ వైద్యం కాదు. పదవీ విరమణ చేసిన కార్మికులు తమ పాత తోటివాని వద్ద ఒక గంట గడిపితే ఆయనకు గుర్తున్న కాలపు మాటలే దొరుకుతాయి.

గనిలో ల్యాంపు రూము ఉంటుంది. షిఫ్టు ముగిసినా ఎవరి దీపమైనా తిరిగి రాలేదంటే, ఆ మనిషి ఇంకా పైకి రాలేదని తెలిసి వెతుకుతారు. దారి తప్పే వృద్ధుల విషయంలో వాడకట్టు కూడా అంత జాగ్రత్త పాటించాలి. చొక్కా జేబులో ఫోన్ నంబరు ఉంచండి. ఆటోవారికి, కిరాణా కొట్టువారికి, బస్టాండు హోటలువారికి ఆయన సంగతి చెప్పి ఉంచండి. దాచవలసిన అవమానం ఇందులో లేదు.

నాలుగు గంటలకు సద్దిడబ్బా అడిగే పెద్దమనిషికి, రిటైరయ్యావని రోజూ వాదించి నేర్పలేము. ఆ మాట ఆయన మెదడులో నిలవదు, దుఃఖం మాత్రం నిలుస్తుంది. ఒక ఇల్లాలు తనకు తానే కనుగొన్న మార్గం నాకు తెలుసు. ఆమె చాయ్ చేతికిచ్చి, "ఇయ్యాల ప్లే డే కదా, పండుకో" అనేది. ఆయన చాయ్ తాగి మళ్ళీ పడుకునేవాడు.